బ్యాండులో నీళ్ళు

తామరకుర్తి పురపాలక సంఘానికి ఆ ఏడాది శుభ్రత పట్టుకుంది. మనకి జ్వరం పట్టుకుంటే మాత్ర వేసుకుంటాం. పురపాలక సంఘానికి ఏదైనా పట్టుకుంటే బోర్డులు రాయిస్తుంది. వారం తిరిగేసరికి ఊరంతా బోర్డులు లేచాయి. పచ్చరంగు మీద తెల్లటి అక్షరాలతో "మనది ఉమ్మి లేని పట్టణం" అని. ఉమ్మి లేని పట్టణానికి కప్పు ఇస్తామని పైనుంచి కాగితం వచ్చింది. కప్పు పెట్టడానికి కమిషనర్ గారు ముందుగానే అద్దాల బీరువా చేయించేశారు. బీరువా వచ్చాక కప్పు రాకపోతే ఏం బాగుంటుంది? అందుకని వీధిలో ఉమ్మినవాళ్ళకి జరిమానా అన్నారు. మూడుసార్లు దొరికితే, ఉమ్మడానికి ఉపయోగించిన సాధనాన్ని స్వాధీనం చేసుకుంటామన్నారు. మనిషి ఉమ్మేది నోటితోనే కదా, దాన్ని ఎలా స్వాధీనం చేసుకుంటారని ఎవరూ అడగలేదు.

గుడిమెట్ల వీరభద్రం గారు కూడా అడగలేదు. ఆయన బోర్డులు చదివే మనిషి కాదు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పొద్దున్నే స్నానం, పూజ, రెండు ఇడ్లీలు. అవయ్యాక రోజంతా ఆయనకి ఒకటే ధ్యాస, బ్యాండు. శ్రీ వేణుగోపాల బ్యాండు సంఘాన్ని పెట్టింది ఆయనే, ముందు నిలబడి కర్ర ఊపి నడిపించేదీ ఆయనే. మొత్తం పద్నాలుగుమంది. తొమ్మిదిమంది ఊదేవాళ్ళు, అయిదుగురు కొట్టేవాళ్ళు. ఒక్కరికీ అది వృత్తి కాదు. ట్రంపెట్ ఊదే మస్తాన్ దర్జీ. లావాటి యుఫోనియం బాకా ఊదే సూరపరాజుకి బస్టాండు పక్కన ఇడ్లీ హోటలుంది. తక్కినవాళ్ళూ అలాంటివాళ్ళే. పగలు ఎవరి పని వాళ్ళు చేసుకుని, ఆదివారం హైస్కూలు వరండాలో చేరి ఊదుకుంటారు.

ఈ బ్యాండు ఒక మొక్కువల్ల పుట్టింది. ఇరవై రెండేళ్ళ కిందట గుళ్ళో సన్నాయి వాయించేవాళ్ళు పట్నం వెళ్ళిపోతే, వేణుగోపాలస్వామివారి కల్యాణం మర్నాటి ఊరేగింపుకి పాటల వ్యాను పెట్టారు. నడివీధిలో క్యాసెట్టు టేపు చుట్టుకుపోయింది. అది విప్పేదాకా స్వామివారు పల్లకీలో, బజ్జీల బండి ఎదురుగా, ముప్పావుగంట నిలబడిపోయారు. భద్రం మాస్టారికి ప్రాణం ఉసూరుమంది. "స్వామీ, నేను బతికున్నన్నాళ్ళూ నీ ముందు మనిషి ఊపిరే మోగుతుంది, మిషను మోగదు" అని అక్కడికక్కడే మొక్కుకున్నారు. అప్పట్నుంచీ ఒక్క ఏడాది తప్పలేదు.

ఊదే వాయిద్యాల సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. కాసేపు ఊదితే ఊపిరిలోని తడి గొట్టంలో చేరుతుంది, అన్నం గిన్నె మూతకి ఆవిరి పట్టినట్టు. దాన్ని తీసెయ్యకపోతే పాట గుడగుడలాడుతుంది. అందుకని గొట్టం అడుగున చిన్న మీట ఉంటుంది. మీట నొక్కి ఒక్క ఊపు ఊదితే నాలుగు చుక్కలు కింద రాలతాయి. అంతే.

ఆ ఆదివారం మస్తాన్ మీట నొక్కాడు. నాలుగు చుక్కలు రాలాయి. వరండా అవతల ఈల మోగింది.

"ఎవరక్కడ ఉమ్మింది?"

వచ్చినవాడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ పరిపూర్ణాచారి. మెడలో ఈల, చేతిలో జరిమానా పుస్తకం. పాట ఆగిపోయింది. పెద్ద డ్రమ్ము మాత్రం ఎప్పటిలాగే ఒక దెబ్బ ఆలస్యంగా ఆగింది.

"ఎవరూ ఉమ్మలేదండీ. అది బాకాలోంచి పడింది," అన్నాడు మస్తాన్.

"అంటే బాకా ఉమ్మింది."

"బాకా ఎలా ఉమ్ముతుందండీ? దానికేమన్నా నోరుందా?"

"నోరు లేకుండానే వీధి చివరిదాకా వినపడిందా?"

పరిపూర్ణాచారి పుస్తకం తెరిచాడు. "పేరు?"

"షేక్ మస్తాన్."

"నీ పేరెందుకయ్యా? ఉమ్మినదాని పేరు."

"ట్రంపెట్ అండి."

"తండ్రి పేరు?"

భద్రం మాస్టారు కర్ర చంకలో పెట్టుకుని ముందుకొచ్చారు. "దానికి తండ్రి లేడు నాయనా. మీరట్ నుంచి పార్సిల్లో వచ్చింది."

"గడి ఖాళీగా వదిలితే ఆడిట్‌వాళ్ళు ఊరుకోరు మాస్టారూ," అని పరిపూర్ణాచారి, 'తండ్రి: మీరట్' అని రాసుకున్నాడు. తరవాత వరసగా ప్రతి ఊదే వాయిద్యాన్నీ మీట నొక్కించి చూసి, తొమ్మిదింటికీ తొమ్మిది చీటీలు చింపాడు. తొమ్మిదీ ఒకే తండ్రి బిడ్డలని తేలింది. ఇంకో రెండేసి చీటీలు పడితే అన్నీ మునిసిపల్ గోడౌనుకి పోతాయి. స్వామివారి ఊరేగింపు ఆరువారాల్లో ఉంది.

"ఇదేం చోద్యమే తాయారూ?" అన్నారు మాస్టారు ఇంటికొచ్చి.

ఆయన భార్య తాయారమ్మ పూలు కడుతోంది. "స్వామి నిలబడి వేణువు ఊదుతున్నాడు. ఆయన వేణువులో మాత్రం తడి చేరలేదూ? ద్వాపరయుగంలో శానిటరీ ఇన్‌స్పెక్టరు లేడు గనక సరిపోయింది," అంది.

అది వినేసరికి మాస్టారికి ధైర్యం వచ్చింది. మర్నాడు కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళారు. కమిషనర్ గారు అంతా ఓపిగ్గా విన్నారు. విన్నాక బీరువాకేసి ఒకసారి చూసుకున్నారు.

"వీరభద్రం గారూ, అపార్థం చేసుకోకండి. మా సంఘం కళలకు వ్యతిరేకం కాదు. ద్రవాలకు వ్యతిరేకం. వ్రాతపూర్వకముగా పరిష్కార మార్గము చూపెదము."

మూడోరోజుకల్లా మార్గం వచ్చింది. ఊదే ప్రతి వాయిద్యం వెంట ఒక తడిపాత్ర, పాత్ర పట్టుకోవడానికి ఒక ఉద్యోగి ఉండాలి. మీట ఎవరికి తోచినప్పుడు వాళ్ళు నొక్కకూడదు. పర్యవేక్షకుని ఈల మీద తొమ్మిదిమందీ ఏకకాలంలో నొక్కాలి. పర్యవేక్షకుడు, పరిపూర్ణాచారి.

మరుసటి ఆదివారం వరండా కిక్కిరిసింది. పద్నాలుగుమంది వాయించేవాళ్ళు, తొమ్మిదిమంది స్టీలు గిన్నెలు పట్టుకున్నవాళ్ళు. పల్లవి సగంలో ఈల మోగేది. ఊదేవాళ్ళు ఊదడం ఆపి మీటలు నొక్కేవాళ్ళు. గిన్నెలవాళ్ళు వంగి పట్టేవాళ్ళు. కొట్టేవాళ్ళకి తడి లేదు గనక వాళ్ళు కొడుతూనే ఉండేవాళ్ళు. గంటసేపట్లో ఒక కీర్తన నాలుగో వంతు అయింది. గిన్నెలవాళ్ళకి మాత్రం తాళం బ్రహ్మాండంగా వచ్చేసింది. ఒకేసారి వంగి, ఒకేసారి లేచి, చూడముచ్చటగా ఉన్నారు. అలవాటుకొద్దీ మాస్టారు వాళ్ళని మెచ్చుకున్నారు కూడా.

అంతలో సూరపరాజు యుఫోనియం దించి అన్నాడు. "ఆచారిగారూ, తమరి ఈల చివర్నుంచి చుక్క పడిందండి."

అందరూ కిందకి చూశారు. పడింది.

పరిపూర్ణాచారి నిజాయితీపరుడు. ఆ మాట ఊళ్ళో ఎవరైనా ఒప్పుకుంటారు. ముఖం ఎర్రబడింది గాని పుస్తకం తెరిచి, తన ఈలకి తనే చీటీ రాసుకున్నాడు. మరుసటి వారం ఈలకీ ఒక గిన్నె మనిషి వచ్చాడు. ఆ గిన్నె ఎప్పుడు పట్టాలో చెప్పడానికి ఇంకొక ఈల కావాలా అక్కర్లేదా అన్నది కమిషనర్ గారి పరిశీలనలో ఉంది.

ఇలా సాగితే స్వామివారి పల్లకీ గుడిమెట్లు దిగేసరికి తెల్లారిపోతుంది. మాస్టారు రాత్రంతా కూర్చుని అర్జీ రాశారు. అది ఉమ్మి కాదనీ, ఊపిరి చల్లబడి నీరయిందనీ, కావాలంటే పరీక్ష చేయించుకోవచ్చనీ. కమిషనర్ గారు సంతోషించారు. పరీక్ష అంటే ఒక ఫైలు. జిల్లా ప్రయోగశాలనుంచి మనిషి శనివారం వచ్చి నమూనాలు తీసుకుంటాడన్నారు.

శుక్రవారం సాయంత్రం బ్యాండు సంఘం సమావేశమైంది.

"పెద్దాఫీసువాళ్ళు వచ్చి మన గొట్టాల్లోకి చూస్తారుట," అన్నాడు సూరపరాజు. "నా యుఫోనియంలో పదేళ్ళ ఇడ్లీ ఉంది. పరువు పోతుంది మాస్టారూ."

"శుభ్రంగా కడిగేద్దాం," అన్నారు మాస్టారు. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు కడిగే మనుషులు వాళ్ళు. ఇక ఆలోచించలేదు. గొట్టాలన్నీ విప్పి, చింతపండుతో తోమి, సూరపరాజు హోటల్లో ఫిల్టరు నీళ్ళు క్యానులకి క్యానులు పోసి మూడుసార్లు కడిగారు. మంచి గుడ్డ దొరక్క సరిగ్గా తుడవలేదు. శనివారం ప్రయోగశాల మనిషి వచ్చి మీటలు నొక్కమంటే, ఎన్నడూ లేనిది, గిన్నెలు నిండాయి.

పదిరోజులకి రిపోర్టు వచ్చింది. కమిషనర్ గారు బ్యాండువాళ్ళని కూడా పిలిపించి దాన్ని మీటింగులో పైకి చదివారు. "సదరు ద్రవము ఉమ్మి కాదు. స్వచ్ఛమైన త్రాగునీరు. పట్టణ కుళాయి నీటి కన్నను నాలుగు విధముల శ్రేష్ఠము."

బ్యాండువాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మాస్టారు మాత్రం చేతులు జోడించి పైకి చూశారు. ఉన్నమాట చెబుదామని ఒక్కక్షణం లేవబోయారు కూడా. కాని అప్పటికే ఆలస్యమయింది. శానిటరీ విభాగం ఫైలు మూసి పక్కనున్న నీటి సరఫరా విభాగం ఇంజనీరు మందేశ్వరరావు గారి ముందుకి తోసింది. ఆయన నిదానస్తుడు. ఫైలు విప్పడానికి కళ్ళజోడు తుడుచుకోవాలి, కళ్ళజోడు తుడవడానికి రుమాలు వెతకాలి.

"అయితే ఇది నీటి వనరు," అన్నారాయన చివరికి. "పట్టణంలో ఉన్న ఏ నీటి వనరు అయినా మా విభాగం ఆధీనంలోకి వస్తుంది."

"అది నీటి వనరు కాదండీ, బ్యాండు," అన్నారు మాస్టారు.

"నీరు వస్తోందా లేదా?"

"వస్తోంది."

"గొట్టం ఉందా?"

"ఉంది."

"తిప్పడానికి మీట?"

"ఉందండి."

"ఇంకేం కావాలండీ మాస్టారూ? ఈ మూడూ ఉన్న కుళాయిలు ఊళ్ళో సగం లేవు."

మర్నాడు పనివాళ్ళొచ్చి తొమ్మిది వాయిద్యాలకీ నీలిరంగుతో నంబర్లు వేశారు. మస్తాన్ ట్రంపెట్ వార్డు నాలుగు, కుళాయి పదకొండు. కర్ర ఊపి పాట మొదలుపెట్టే అధికారం మాస్టారిది కాదన్నారు. సరఫరా ప్రారంభించడం వాల్వు తిప్పే ఉద్యోగి బాధ్యత. అతను పెద్ద ఇనపరెంచీ తెచ్చుకుని మాస్టారి పక్కన నిలబడి, దాన్ని గాలిలో కుడివైపుకి తిప్పేవాడు. అప్పుడు వాయించాలి. ఎడమవైపుకి తిప్పితే ఆపాలి. సరఫరా వేళలు ఊరందరికీ ఉన్నవే. రోజు విడిచి రోజు, ఉదయం ఆరునుంచి ఏడు వరకు.

మొదటిరోజు ఉదయం అయిదున్నరకే హైస్కూలు ముందు బిందెలు వరసకట్టాయి. కుళాయి నీటికంటే నాలుగు విధాల శ్రేష్ఠం అన్న సంగతి అప్పటికే వీధులన్నీ తిరిగొచ్చింది. రెంచీ తిరిగింది. బ్యాండు అందుకుంది. గంటకి ఒక్కొక్క బిందెలో చెంచాడు నీళ్ళు పడ్డాయి.

"ఇదేవిటయ్యా, ఇంత సన్నంగా వస్తోంది? గట్టిగా ఊదు!" అంది ఒకావిడ మస్తాన్ని.

"గట్టిగానే ఊదుతున్నానమ్మా, అపస్వరం వస్తుంది."

"స్వరం ఎవరిక్కావాలి? ఇంట్లో పప్పు పొయ్యిమీద ఉంది!"

వెనకనుంచి ఇంకొకావిడ, "మా వీధికి ట్రాంబోన్ బొత్తిగా రావడంలేదు. మేం పన్ను కట్టడంలేదా?" అని కేకలేసింది. వాళ్ళ మధ్య బిందెలతోనే మాటలయ్యాయి. ఏడు కాగానే, చరణం నడుస్తుండగా రెంచీ ఎడమకి తిరిగింది. ఆ చరణం మూడోనాడు ఆరుగంటలకి పూర్తయింది.

వినడానికి నవ్వులాటగానే ఉంటుంది. మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు. ఊరేగింపు శుక్రవారం సాయంత్రం ఆరుగంటలకి. శుక్రవారం సరఫరా లేని రోజు. సాయంత్రం ఎలాగూ లేదు. గుడి ధర్మకర్త కబురు కూడా పంపాడు. "మాస్టారూ, ఏమనుకోవద్దు. పాటల వ్యానుకి చెప్పేశాం. ఇప్పుడు టేపుల గొడవ లేదు, చిన్న పుల్లలాంటిది గుచ్చితే చాలుట. బాగుంటే ఏటా అదే పెట్టుకుందాం."

ఏటా అన్న మాట మాస్టారి గుండెలో గుచ్చుకుంది. ఇరవై రెండేళ్ళ మొక్కు. "స్వామీ, నా గర్వం చూసి ఇలా చేశావా? లేకపోతే నీకే ఈ ఊపిరి మొహం మొత్తిందా?" అని దేవుడిగదిలో అడిగారు. బుధవారం నీటి సరఫరా ఆఫీసుకి బయల్దేరారు.

మందేశ్వరరావు గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. "శుక్రవారం సాయంత్రం ప్రత్యేక సరఫరాకి పైనుంచి అనుమతి కావాలండి. ఎవరి కోసం?"

"స్వామివారి కోసం."

"స్వామివారి పేరు మీద కనెక్షన్ ఉందా?"

"లేదండి."

"మరి!" అని ఆయన చాలా విచారంగా తల ఊపారు.

మాస్టారు లేవబోతుంటే ఒకావిడ రొప్పుకుంటూ లోపలికొచ్చింది. కొంగు తడిసిపోయి ఉంది. కుమ్మరివీధిలో గొట్టం పగిలి, నీళ్ళు వాళ్ళ గుమ్మంలోకి వస్తున్నాయిట.

"ఫిర్యాదు పుస్తకంలో రాయమ్మా," అన్నారు ఇంజనీరు గారు. "ముప్ఫై పనిదినాల్లో మరమ్మతువాళ్ళు వస్తారు."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా కారుతుంది."

"మా మరిది గుడ్డ చుట్టి ఆపుతానన్నాడండి."

ఇంజనీరు గారు మొదటిసారిగా గబుక్కున లేచారు. "ఆపడమే! అమ్మా, లీకేజీ ఒకసారి పుస్తకంలోకి ఎక్కిందంటే అది సంఘం ఆస్తి. మరమ్మతువాళ్ళు తప్ప మానవమాత్రుడెవడూ దాని జోలికి పోకూడదు. కమిషనర్ గారైనా సరే. దాని మీంచి బండి కూడా పోనివ్వకూడదు. ఎర్రగుడ్డ కట్టి వదిలెయ్యాలి. రూలు."

ఆవిడ తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. మాస్టారు మళ్ళీ కూర్చున్నారు.

"ఆ పుస్తకం ఒకసారి ఇలా ఇవ్వండి," అన్నారు.

పుస్తకం ముందు పెట్టుకుని చాలాసేపు ఆలోచించారు. స్వామి పని. అబద్ధం రాయకూడదు. ఒక్కొక్క మాటా తూచి రాశారు. "శుక్రవారం సాయంత్రం ఆరుగంటల మొదలు గుడివీధిలో బ్యాండు సంఘంవారి తొమ్మిది గొట్టాలనుంచి వేళ కాని వేళ నీరు కారును. దీనిని ఆపుట మా తరము కాదు." చదువుకుని చూసుకున్నారు. ఒక్క ముక్క అబద్ధం లేదు.

గుమాస్తా చదివి కళ్ళెత్తాడు. "ఇంకా కారలేదు కదండీ?"

"శుక్రవారం కారుతుంది నాయనా."

"లీకేజీ ముందుగా చెప్పినవాళ్ళు ఈ ఊళ్ళో తమరే మొదలు," అని గుమాస్తా సంబరపడిపోయి, నంబరు వేసి, రశీదు చింపి ఇచ్చాడు.

శుక్రవారం సాయంత్రం. గుడి ముందు జనం. పల్లకీలో స్వామివారు పూలల్లో మునిగిపోయారు, వేణువు కొస మాత్రం కనపడుతోంది. పల్లకీ ముందు పాటల వ్యాను, దానికి రెండు పక్కలా మనిషెత్తు పెట్టెలు. వ్యానతను పుల్ల గుచ్చడానికి చెయ్యెత్తాడు. అప్పుడు సందు మలుపులోంచి పద్నాలుగుమంది వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, బొట్లు, మస్తాన్‌కి తెల్లటోపీ, చేతుల్లో నీలి నంబర్లు వేసిన వాయిద్యాలు. మాస్టారు కర్ర ఎత్తారు. బ్యాండు అందుకుంది.

ఈల మోగింది. జనాన్ని తోసుకుంటూ పరిపూర్ణాచారి వచ్చాడు, వెనక పదిమంది గిన్నెల మనుషులతో.

"మాస్టారూ! ఇవాళ సరఫరా లేదు!"

మాస్టారు కర్ర ఊపడం ఆపలేదు. ఎడంచేత్తో జేబులోంచి రశీదు తీసి ఇచ్చారు. పరిపూర్ణాచారి ఒకసారి చదివాడు. వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ చదివాడు.

"లీకేజీయా?"

"లీకేజీనే నాయనా."

"నమోదైన లీకేజీ," అన్నాడు పరిపూర్ణాచారి గొంతు తగ్గించి. అతను నిజాయితీపరుడని ముందే చెప్పాను. రూలుకి ఎదురు నిలిచే మనిషి కాదు. గిరుక్కున తిరిగి గిన్నెల మనుషులకి కేకేశాడు. "ఏం చూస్తున్నార్రా? గిన్నెలు పడేసి ఎర్రగుడ్డలు పట్టుకోండి! నలుగురు అటు, నలుగురు ఇటు. ఎవర్నీ ముట్టుకోనివ్వద్దు!" మిగిలిన ఇద్దరి చేత ఒక బోర్డు పట్టించి బ్యాండు ముందు నడిపించాడు. 'లీకేజీ. నెమ్మదిగా వెళ్ళండి.' తరవాత వ్యాను దగ్గరికి వెళ్ళి అద్దం మీద కొట్టాడు. "బండి వెనక్కి తియ్యి. లీకేజీ మీంచి వాహనాలు పోకూడదు."

"పాటలండీ..."

"పాటలు తరవాత. ముందు సంఘం ఆస్తి."

వ్యాను వెనక్కి పోయింది. ధర్మకర్త ఏదో అనబోయాడు గాని పెద్ద డ్రమ్ము ఆయన చెవి పక్కనే ఉంది. పల్లకీ లేచింది. సూరపరాజు బుగ్గలు పూరీల్లా పొంగాయి. మస్తాన్ ట్రంపెట్ పైస్థాయికి ఎక్కి, అక్కడే నిలబడి, మెల్లగా దిగింది. బిందెల దగ్గర పోట్లాడుకున్న ఆడవాళ్ళే హారతి పళ్ళేలతో గుమ్మాల్లోకొచ్చారు. ఎర్రగుడ్డలవాళ్ళకి పాత సాధన ఊరికే పోలేదు. తాళానికి సరిగ్గా వంగుతూ లేస్తూ గుడ్డలు ఊపుతుంటే, అది స్వామివారికి కొత్త ఉపచారమనుకుని ముసలివాళ్ళు దణ్ణాలు పెట్టారు. తాయారమ్మ అరుగు మీద నిలబడి కళ్ళు తుడుచుకుంది.

సంగతి కమిషనర్ గారికి తెలిసింది. లీకేజీ తీవ్రత పరిశీలించి రమ్మని మందేశ్వరరావు గారిని పంపారు. ఆయన నెమ్మదిగా నడిచి, నాలుగో మలుపు దగ్గర ఊరేగింపుని అందుకున్నారు. ఎర్రగుడ్డ దాటి లోపలికొచ్చి, కీర్తన పూర్తయ్యేదాకా కళ్ళు మూసుకుని నిలబడ్డారు. తరవాత రుమాలు తీశారు. ఈసారి కళ్ళజోడు తుడవలేదు, కళ్ళు తుడుచుకున్నారు. పుస్తకం తెరిచి రాశారు. "లీకేజీ పరిశీలించడమైనది. ప్రెషర్ బాగున్నది. మరమ్మతుకు తొందర లేదు."

"ముప్ఫై పనిదినాల తరవాతో?" అని అడిగారు మాస్టారు, నిజం తెలుసుకోవాలని.

"మాస్టారూ, పుస్తకంలోకి ఎక్కిన లీకేజీని ఎవరైనా బాగుచేసినట్టు నా సర్వీసులో నేను వినలేదు," అన్నారాయన. అని వెళ్ళిపోబోయి, ఆగి, దగ్గరికొచ్చి మాస్టారి చెవిలో అన్నారు. "మా ఇల్లు ఈ కుడిపక్క సందులోనండి. మా అమ్మ మంచం దిగలేదు, గుడికి రాలేదు. వీలైతే కాస్త అటువైపు కూడా కారేలా చూడండి."

మాస్టారు కర్ర కుడివైపుకి తిప్పారు. లీకేజీ ఆ సందులోకి మళ్ళింది. వెనకాలే స్వామివారూ మళ్ళారు.